మూపురమున్న నక్షత్రం

కూతురంటే ఎలా ఉండాలో సుచరితకు ఒక అంచనా ఉండేది. ఆ అంచనాలోని కూతురు ఇంటికి వస్తే బ్యాగు మూలకు పెడుతుంది, చెప్పులు గడప బయట విడుస్తుంది, రెండో రోజు నుంచైనా తాను తిన్న పళ్ళెం తాను కడుగుతుంది. గ్లోరీ మాత్రం పుణె నుంచి వచ్చీ రాగానే ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బల్లను ఆక్రమించింది. ఆ బల్ల మీద ఇస్త్రీ చేసుకునే తండ్రి డానియల్ ఆ రోజు నుంచి ముడతల చొక్కాతోనే ఆఫీసుకు పోతున్నాడు. తరువాత కూలరున్న గది ఆమెదైంది. ఆ తరువాత ఇంటర్నెట్టు. వెయ్యి కోట్ల సంవత్సరాల కింద బయలుదేరిన వెలుతురును పట్టుకునే పిల్ల, పది నిమిషాల కింద పొయ్యి మీద పెట్టిన పాలను పట్టుకోలేదు. పాలు మూడుసార్లు పొంగిపోయాయి.

"మీ గ్లోరీ చదువు ఎక్కడిదాక వచ్చిందే?" అని చుట్టాలు ఫోన్ చేసి అడిగితే, "ఆకాశం దాక పోయింది గని, మా పొయ్యి దాక ఇంకా రాలె" అని చెప్పేది సుచరిత.

అది 2021 మే నెల. కరోనా రెండోసారి విరుచుకుపడి పుణెలో హాస్టలు మూసేశారు. పీహెచ్‌డీ మూడో ఏట ఉన్న గ్లోరీ లాప్‌టాప్ చంకన పెట్టుకుని మక్తల్‌లోని తల్లిదండ్రుల ఇంటికి చేరింది. డానియల్ అక్కడి మార్కెట్ యార్డు ఆఫీసులో పనిచేస్తాడు. సుచరిత ఏం పనిచేస్తుందని అడిగేవాళ్ళకు "ఏం లేదు, ఇంట్లనే ఉంటది" అని చెప్పేవాళ్ళు. ఆ మాట అనేవాళ్ళు సాధారణంగా ఆమె వండినదే తింటూ అనేవాళ్ళు.

నిజానికి సుచరిత కూడా ఒకప్పుడు వెలుతురును విడగొట్టినదే. కేతేపల్లిలో నాట్లకూ కోతలకూ కూలికి పోయిన ఏసోబు కూతురు నల్లగొండలో బి.ఎస్సీ. చదివి, ప్రాక్టికల్ పరీక్షలో సోడియం దీపం ముందు పట్టకం పెట్టి యాభైకి నలభై ఎనిమిది తెచ్చుకుంది. కత్తుల సుచరిత, బి.ఎస్సీ. ఆ మూడక్షరాలు పెళ్ళి పత్రికలో ఆమె పేరు పక్కన అరంగుళం దూరం ప్రయాణించి అక్కడే ఆగిపోయాయి.

గ్లోరీ పని ఏమిటో తల్లికి మొదటి వారంలోనే అర్థమైంది. ఎక్కడో ఎడారి కొండ మీద ఒక పెద్ద దుర్బిణి ఉంది. దానికి అల్యూమినియం పళ్ళెం ఒకటి తగిలిస్తారు. పెళ్ళిలో అన్నం గుమ్మరించే తాంబాళం కంటే కాస్త పెద్దది. దానికి వెయ్యి రంధ్రాలు. ఆకాశంలో ఏ చుక్క ఎక్కడుందో ముందే లెక్కగట్టి, సరిగ్గా ఆ చుక్క వెలుతురు వచ్చి పడే చోట ఒక రంధ్రం చేస్తారు. పగటిపూట మనుషులు కూర్చుని ఒక్కో రంధ్రంలో ఒక్కో ఫైబర్ గుచ్చుతారు. ఫైబర్ అంటే సన్నని గాజు పోగు. ఏ పోగు ఏ రంధ్రంలోకి పోయిందో వాళ్ళు పట్టించుకోరు, చేతికి దొరికినది గుచ్చేస్తారు. తరువాత ఒక యంత్రం పోగుల వెనక నుంచి దీపం వేసి, ఏ పోగుకు ఏ రంధ్రం వెలిగిందో చూసి రాసుకుంటుంది. రాత్రి పళ్ళెం ఆకాశం వైపు తిరిగితే వెయ్యి చుక్కల వెలుతురు వెయ్యి పోగుల్లో నడిచి, కిందికి వచ్చి, రంగులుగా విడిపోయి, వెయ్యి గీతలవుతుంది.

"ఒక్క పళ్ళెంల వెయ్యి మందికి వడ్డిస్తున్నరన్నట్టు," అంది సుచరిత.

"గట్లనే అనుకో. అండ్ల మూడొందలు మావి. మేం క్వేజార్లు దేవులాడుతం."

క్వేజార్ అంటే గెలాక్సీ నడిమధ్యన కూర్చున్న ఒక నల్లటి గుంత. చుట్టూ ఉన్నదంతా మింగుతుంది. మింగేటప్పుడు ఆ తిండి వేడెక్కి వెలుగుతుంది, ఎంత వెలుగంటే విశ్వం అవతలి గట్టు నుంచి కూడా కనిపించేంత. "తిన్నంతసేపే వెలుగు. మీ నాయిన లెక్క," అంది సుచరిత.

గీతల్లో ఏది నక్షత్రమో ఏది క్వేజారో మొదట కంప్యూటరే చెబుతుంది. దాని మీద పూర్తి నమ్మకం లేక, ప్రతి గీతనూ ఇద్దరు మనుషులు, ఒకరికొకరు చెప్పుకోకుండా, కళ్ళతో చూసి గుర్తు పెట్టాలని నియమం. గ్లోరీకి జతగా చూడాల్సిన అమ్మాయికి కరోనా సోకి దవాఖానలో చేరింది. పన్నెండు పళ్ళేలు మిగిలిపోయాయి.

"అమ్మా, జర గీ టెస్టు రాయవా? వంద గీతలే. ఎనభై వస్తే పాసు. పాసైనోళ్ళు ఎవలైనా చూడొచ్చు అని రూల్ ఉంది."

"నా ఫిజిక్సుకు బూజు పట్టి ముప్పయ్యేండ్లాయె. ముందుగాల గా బెండకాయలు తరుగు, తర్వాత చూస్త."

గ్లోరీ బెండకాయలను సొరకాయ ముక్కలంత తరిగింది. సుచరిత పరీక్ష రాసింది. తొంభై ఆరు వచ్చాయి. మిగిలిన నాలుగింటి మీద కంప్యూటరుదే తప్పని ఆమె నేటికీ అంటుంది. దరఖాస్తులో పేరు దగ్గర గ్లోరీ, తల్లి సర్టిఫికెట్టు మీద ఉన్నట్టే, 'కె. సుచరిత, బి.ఎస్సీ.' అని కొట్టింది. ఊరు అన్నచోట మక్తల్. ఎవరూ ఏమీ అడగలేదు.

సుచరిత పద్ధతి సులువు. నక్షత్రం గీత పళ్ళూడిన దువ్వెనలా ఉంటుంది, అక్కడక్కడా సన్నని గాట్లు. క్వేజారు గీతకు ఎద్దుకున్నట్టు మూపురాలుంటాయి. అది ఎంత దూరంలో ఉంటే ఆ మూపురాలు అంత ఎరుపు వైపు జరుగుతాయి. అయితే ఎంత జరిగినా, రెండో మూపురం ఉన్నచోటును మొదటిది ఉన్నచోటుతో భాగిస్తే ఎప్పుడూ ఒకే సంఖ్య వస్తుంది. ఒకటి పాయింట్ రెండు ఏడు. క్యాలెండరు వెనుక వైపు ఆమె భాగహారాలతో నిండిపోయింది.

ఒకరోజు పక్కింటి షరీఫా పెరుగు తోడు కోసం వచ్చి, తల్లీ కూతుళ్ళిద్దరూ తెర మీద ఎగుడుదిగుడు గీతల వైపు కన్నార్పకుండా చూస్తుండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"యా అల్లా! ఎవరికి అక్కా? డానియల్ అన్నకా?"

"ఏంది?"

"గా ఈసీజీ."

"ఈసీజీ కాదే షరీఫా, నక్షత్రాలు."

షరీఫా నమ్మలేదు. ఇంట్లో జబ్బును దాచిపెడుతున్నారనుకుని, ఆ రోజు నుంచి నమాజులో డానియల్ గుండె కోసం దువా చేయడం మొదలుపెట్టింది. ఆ గుండెకు ఏ జబ్బూ లేదు గనుక దువా బాగానే పనిచేసింది.

సుచరిత చేసిన తప్పు ఒక్కటే. మూడు వందలు మాత్రమే చూడాలి, మిగిలిన ఏడు వందలు వేరే దేశాల్లో నక్షత్రాల మీద, గెలాక్సీల మీద పనిచేసే జట్లవి, వాటి జోలికి పోవద్దని రాసి ఉంది. కానీ ఆమెకు వరుస తప్పితే తోచదు. నడుమ ఎపిసోడ్లు వదిలేసి సీరియల్ చూసే మనుషుల్నే ఆమె నమ్మదు. ఒకటి నుంచి వెయ్యి దాకా అన్నీ చూసేది, చూసిన వాటికల్లా గుర్తు పెట్టేది. జూన్ రెండో వారానికి ఆమె పెట్టిన గుర్తులు మూడు వేలు దాటాయి. ఇరవై ఏడేళ్ళుగా ఆమె చేసిన ఏ పనీ మరునాటి దాకా మిగలలేదు, వండింది తినేశారు, ఉతికింది మాపేశారు. ఈ మూడు వేలు మాత్రం పెట్టినచోటే ఉండేవి. పొద్దున్నే లేచి చూసినా అక్కడే ఉండేవి.

ఒక ఉదయం, కుక్కరు రెండో విజిలుకూ మూడో విజిలుకూ మధ్య, ఒక పళ్ళెంలో మూడు వందల ఇరవై నాలుగో ఫైబర్ దగ్గర ఆమె ఆగింది. పట్టికలో అది నక్షత్రం. గీతకు మాత్రం మూపురాలున్నాయి. మొదటిది నాలుగు వేల పదమూడు దగ్గర, రెండోది అయిదు వేల నూట పన్నెండు దగ్గర. భాగించింది. ఒకటి పాయింట్ రెండు ఏడు. మూడో మూపురం ఎక్కడుండాలో లెక్కగట్టి చూసింది. అక్కడే ఉంది. కుక్కరు నాలుగో విజిలు కూడా వేసింది.

'క్వేజార్' అని గుర్తు పెట్టింది. నమ్మకం ఎంత అన్నచోట, మూడుకు మూడు. అక్కడితో ఆగవచ్చు. కానీ కింద వ్యాఖ్య రాయడానికి ఒక ఖాళీ డబ్బా ఉంది, ఖాళీ డబ్బాలంటే ఆమెకు పడదు. 'ఇది నక్షత్రమైతే నేను జిల్లా కలెక్టరును' అని ఇంగ్లీషులో రాసింది.

సోమవారం మంజులత మేడం ఫోన్ వచ్చింది. ఈ చూసే పని మొత్తానికి ఆమే పెద్ద, హైదరాబాదు మనిషి. గ్లోరీ స్పీకరు పెట్టింది.

"గ్లోరీ, ఈ కె. సుచరిత ఎవరు? బాగా చూస్తోందనుకున్నాను ఇన్ని రోజులూ. ఏ యూనివర్సిటీ?"

గ్లోరీ తల్లి వైపు చూసింది. తల్లి ఉల్లిగడ్డల వైపు చూసింది.

"మా అమ్మ, మేడం."

"అంటే... లెక్చరరా?"

"కాదు మేడం. ఇంట్లోనే ఉంటది."

నెట్టు పోయిందేమోనని సుచరిత లేచి రూటరు లైట్లు చూసి వచ్చింది.

"చూడు గ్లోరీ," అంది మంజులత, మెల్లగా. "ఆ మూడు వందల ఇరవై నాలుగు నక్షత్రమే. అది ఆకాశంలో కదులుతోందని ఎప్పుడో కొలిచారు. అంత దూరాన ఉండే క్వేజారు కదలదు. గీతలో ఏవో మూపురాలున్నాయంటే అది పక్క ఫైబర్ నుంచి కారిన వెలుతురు. తెలియనివాళ్ళు చూస్తే ఇలాగే అవుతుంది. మీ అమ్మగారి గుర్తులన్నీ తీసేస్తున్నాను."

"అన్నీనా మేడం? మూడు వేలు..."

"అన్నీ. నాకు డిగ్రీలన్నీ ఉండి కూడా మొదట్లో నా గీతల్ని ఒక్కరూ నమ్మలేదు. రేపు ఈ పట్టిక బయటికి పోతే, చూసింది ఎవరని నన్నే అడుగుతారు. ఎవరో వాళ్ళమ్మ అని చెప్పనా?"

సుచరిత కత్తిపీట పక్కకు జరిపి చేతులు తుడుచుకుంది.

"నమస్తే మేడం. ఆ ఎవరో వాళ్ళమ్మను నేనే. నేనెవల్నో అడిగిన్రు, చెప్పినం. నేను పెట్టిన గుర్తు తప్పా కాదా, అది చూసి చెప్పిన్రా?"

"చెప్పాను కదమ్మా, పక్క ఫైబర్ నుంచి..."

"ఏ పక్క మేడం? మూడొందల ఇరవై మూడు ఉత్త ఆకాశం కొలవనీకి పెట్టింది, అండ్ల ఏ చుక్కా లేదు. ఇరవై అయిదు గెలాక్సీ, దానికి మూపురాల్లేవు. కారనీకి ముందు వాటి తాన ఉండాలె గద?"

"అవేవీ మీ లిస్టులో లేవు. ఎందుకు చూశారు?"

"వరుసల ఉండె. చూసిన."

"అదే నేను చెప్పేది," అంది మంజులత. "నియమం తెలియదు. శుక్రవారం మీటింగు తరువాత తీసేస్తాను." ఫోన్ పెట్టేసింది.

సాయంత్రానికి జట్టులోని పదకొండు మందికీ మెయిల్ వెళ్ళింది. కె.ఎస్. అనే అక్షరాలతో ఉన్న గుర్తులు నమ్మదగినవి కావు, వాడుకోవద్దు అని.

గ్లోరీ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "అమ్మా, ఒక్క పని చెయ్. గా ఒక్కటి నక్షత్రం అని మార్చెయ్. నేను మేడంకు సారీ చెప్పి బతిలాడుత. గదొక్కటి పోతే మిగిలిన మూడువేలు ఉంచుతదేమో."

"మూపురాలు కనవడ్డయా లేదా నీకు?"

"కనవడ్డయి. కని మేడం అంటున్నది కదా..."

"నీకు కనవడ్డయి, నాకు కనవడ్డయి. కనవడలేదని రాయమంటవు. ఒక్కటి అబద్ధం పెట్టినంక మిగిలిన మూడువేలు నిజమని నేను ఏ మొఖంతోని అంట? తీసేస్తే తియ్యనీ. తప్పు చూపెట్టి తియ్యమను."

"అమ్మా, మా మేడమే!"

"మీ మేడమే. నాకేం మేడం కాదు. నాకు జీతమిస్తదా, మార్కులేస్తదా? ఆమెకు భయపడవల్సిన ఒక్క కారణం చెప్పు, గిప్పుడే భయపడుత."

ఆ రోజు నుంచి సుచరిత పట్టుదలంతా ఆ ఒక్క గీత మీదే ఉండిపోయి, ఇంట్లో వరుసగా మూడు రోజులు పచ్చిపులుసే నడిచింది. మూడో రోజు రాత్రి భోజనం దగ్గర డానియల్, పళ్ళెంలో చూసి, చాలా జాగ్రత్తగా అడిగాడు.

"గా నక్షత్రం లొల్లి ఇంకెన్ని దినాలు?"

"ఎందుకు, పచ్చిపులుసు మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది. మూడు దినాల సంది మంచిగనే ఉంది. అసలు ఏమైందో చెప్పరాదు?"

చెప్పింది. నక్షత్రం ఉండాల్సిన చోట క్వేజారు గీత వచ్చిందనీ, అది ఎట్లా వచ్చిందో చెప్పలేకపోతే తన మాట చెల్లదనీ. డానియల్ అన్నంలో వేలితో గీతలు గీస్తూ విన్నాడు.

"గిది మా యార్డుల నెలకోపారి అయ్యేదే," అన్నాడు.

"మీ యార్డుల క్వేజార్లున్నయా?"

"కంది కుప్పలున్నయి. కుప్పకో చీటీ పెడుతం, రైతు పేరు, నంబరు. ఒకపారి ఒక రైతు వచ్చి మొత్తుకుంటడు, నేను తెచ్చింది తెల్లకంది, నా పేరు మీద ఎర్రకంది కుప్ప ఉన్నదని. కొత్తగొచ్చిన గుమాస్తా ఏం చేస్తడు? గా కుప్ప కాడనే నిలవడి, సంచులు ఇప్పి, తలకాయ గోక్కుంటడు. నేను ఆడికి పోనే పోను."

"మరేడికి పోతవు?"

"సప్పుడు చెయ్యని రైతు తానికి. చీటీ మారిందంటే ఒక్కనిది మారదు కదనే, ఇద్దరివి మారుతయి. నష్టమైనోడు మొత్తుకుంటడు. మంచి కుప్ప దొరికినోడు బీడీ తాక్కుంట గమ్మున కూసుంటడు. వాణ్ణి పడితే కత ఒడుస్తది."

ఇరవై ఏడేళ్ళుగా సుచరిత ఈయన యార్డు ముచ్చట్లు వింటోంది. ఒక్కటి పనికొచ్చింది.

ఎంగిలి చేత్తోనే గ్లోరీని కేకేసింది. "మన క్వేజారు అనుకుని గుచ్చితే నక్షత్రం అని తేలినయి, గా పళ్ళెంల ఎన్నున్నయి?"

"మస్తున్నయమ్మా. మూడోవంతు గట్లనే తేలుతయి. ఎవరూ పట్టించుకోరు, కొట్టేసి పక్కకు పెడుతం."

"పోగులు ఎట్ల కడుతరు? విడివిడిగనా?"

"ఇరవై పోగులకు ఒక కట్ట."

"మూడొందల ఇరవై నాలుగు ఉన్న కట్టల చూడు."

ఆ కట్టలో అలాంటిది ఒక్కటే ఉంది. మూడు వందల ముప్పై ఒకటి. క్వేజారని ఆశపడి గుచ్చారు, మామూలు నక్షత్రం గీత వచ్చింది. కంప్యూటరు నక్షత్రమంది, గ్లోరీ సరేనని కొట్టేసింది. సుచరిత కూడా సరేనంది. పళ్ళెం మీద రంధ్రాల కొలతలు తీసి చూశారు. ఆ రెండు రంధ్రాల మధ్య బొటనవేలంత దూరం కూడా లేదు.

నక్షత్రాల జట్టు తమకు వచ్చిన వింత గీతను 'అర్థం కానిది' అని పక్కన పడేసింది. క్వేజార్ల జట్టు తమకు వచ్చిన నక్షత్రాన్ని 'పనికిరానిది' అని పక్కన పడేసింది. ఎవరి మూడు వందలు వాళ్ళు చూసుకున్నారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే పని ఎవరిదీ కాదు.

గ్లోరీ గొంతు తగ్గింది. "కని అమ్మా, ఏ పోగు ఏ రంధ్రంలకు పోయిందో యంత్రం రాస్తది. మనుషులు కాదు."

"రాయనీ. గీ పళ్ళెం మల్ల ఎప్పుడన్నా వాడిన్రా?"

"మార్చిల ఒకపారి పోగులన్నీ పీకి మల్ల గుచ్చిన్రు. ఆ రాత్రి మబ్బు. గీతలు మసక మసకగ వచ్చినయని వాడొద్దన్నరు."

"మల్ల గుచ్చినప్పుడు గదే రంధ్రంలకు గదే పోగు పోదు కద?"

"పోదు. చేతికి ఏది దొరికితే..." గ్లోరీ మాట పూర్తి చేయలేదు. "ఓ."

"ఆఁ. గా మసకది తీయ్. నాకు మూపురం కనవడితే చాలు."

తీయడమే కష్టమైంది. గురువారం పొద్దున వాన పడి, కరెంటు రెండుసార్లు పోయి, ఫైలు అరవై మూడు శాతం దగ్గర మొరాయించింది. సుచరిత పక్కింటి తలుపు తట్టి వైఫై పాస్‌వర్డు అడిగింది. షరీఫా ముఖం పాలిపోయింది. "రిపోర్టు వచ్చిందా అక్కా?" అంది. రిపోర్టే అంది సుచరిత, వివరంగా చెప్పే ఓపిక లేక. షరీఫా కాగితం మీద పాస్‌వర్డు రాసిచ్చి, ఫికర్ చెయ్యొద్దంది, అన్నకు ఏమీ కాదంది.

మధ్యాహ్నం రెండు గంటలకు ఫైలు తెరుచుకుంది. క్వేజారు కోసం చేసిన రంధ్రంలో ఈసారి వేరే పోగు ఉంది. గీత నిండా చీమలు పారినట్టు మచ్చలు. ఆ మచ్చల నడుమ, నాలుగు వేల పదమూడు దగ్గర, ఒక మూపురం. అనుమానం పడడానికి వీల్లేనంత ఎత్తుగా ఉంది. పక్క రంధ్రంలో, కదిలే నక్షత్రం కోసం చేసినదాంట్లో, పళ్ళూడిన దువ్వెన. రెండూ తమ తమ చోట్లకు తిరిగొచ్చాయి. మేడం చెప్పిన కదిలే నక్షత్రం నిజంగానే నక్షత్రం. కాకపోతే మొదటిసారి దాని పేరు మీద వచ్చిన వెలుతురు దానిది కాదు.

గ్లోరీ అదే గంటలో కొండ మీది వాళ్ళకు మెయిల్ పెట్టింది. సాయంత్రానికి జవాబు వచ్చింది. ఆ రోజు దీపం వేసి చూసినప్పుడు ఆ కట్టలో రెండు పోగులను యంత్రం పట్టుకోలేకపోయిందనీ, మిగిలిపోయిన రెండు రంధ్రాలకు వాటిని చేత్తో రాశారనీ. నంబర్లు మూడు వందల ఇరవై నాలుగు, మూడు వందల ముప్పై ఒకటి.

అన్నీ కలిపి మంజులత మేడంకు పంపారు. రాత్రి తొమ్మిదింటికి ఆమె నుంచి రెండు వాక్యాల మెయిల్ గ్లోరీకి ఒక్కదానికే వచ్చింది. ఆ రెండు ఫైబర్ల సమస్య పరిష్కారమైంది, కె.ఎస్. గుర్తులు యథాతథంగా ఉంచబడతాయి అని.

గ్లోరీ ఎగిరి గంతేసింది. సుచరిత కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"పరిష్కారమైందట. ఎవలు చేసిన్రట? దానంతటదే అయిందా, జలుబు తగ్గినట్టు?"

"అమ్మా, నీ మూడువేలు ఉంటయి. గెలిచినవు. విడిచిపెట్టు."

"నమ్మొద్దని పదకొండు మందికి చెప్పింది. నమ్మొచ్చని నీ ఒక్కదాని చెవిల చెప్పింది. గా పది మంది నా గుర్తులు చూసినప్పుడల్లా ఏమనుకుంటరు? పాపం గ్లోరీ వాళ్ళమ్మ, మేడం దయదలిచి ఉంచింది అనుకుంటరు. దయ మీద ఉండేటివైతే నాకు వద్దు, తీసెయ్యమను."

"మరేం చేస్తవు?"

"రేపు మీటింగుల కూసుంట. గుర్తులు పెట్టినోళ్ళందరు రావచ్చని రాసి ఉంది. నియమం తెలియదన్నది కదా. మొత్తం చదివిన."

శుక్రవారం పదకొండు గంటలకు ఇస్త్రీ బల్ల ముందు తల్లీ కూతుళ్ళు కూర్చున్నారు. తెర మీద పన్నెండు చిన్న గళ్ళు, కొన్నింటిలో ముఖాలు, కొన్నింటిలో అక్షరాలే. మేడం గడిలో 'ఎం' అని ఉంది. మాటలన్నీ ఇంగ్లీషులో సాగుతున్నాయి. మొదటి అంశం, రెండోది, మూడోది. నాలుగోది వచ్చింది. "రెండు ఫైబర్ల విషయం ముగిసింది. తరువాతది," అంది మంజులత.

గ్లోరీ చెయ్యి అడ్డం పెట్టేలోపు సుచరిత మైకు తెరిచింది.

"ఒక్క మాట మేడం. నేను కె. సుచరిత." ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. "నావి కాని గీతలు నేను చూశాను. చూడొద్దని రాసి ఉన్నా చూశాను. అది నా తప్పు. అందరి ముందు ఒప్పుకుంటున్నాను." అక్కడి దాకా వచ్చేసరికి ఆమెకు కోపం అందుకుంది, కోపం తెలుగులోనే వస్తుంది. "ఇగ మీ వంతు మేడం. మెయిల్‌ల గాదు. నోటితోని. ఎవలకైతే నమ్మొద్దని చెప్పిన్రో, వాళ్ళ ముందట."

గ్లోరీ చున్నీని ముఖం మీదికి లాక్కుంది. తెలుగు రాని వాళ్ళకు కూడా ఏదో అడగకూడనిది అడిగారని అర్థమైనట్టుంది. ఒక గడిలోని అబ్బాయి తాగుతున్న టీ కప్పును మెల్లగా కింద పెట్టాడు.

"సుచరిత గారూ, మనం విడిగా మాట్లాడుకుందామా?"

"విడిగ వద్దు మేడం."

"అజెండాలో ఇంకా అయిదు అంశాలున్నాయి."

"నాకు తొందర లేదు. అన్నం వండే వచ్చిన."

'ఎం' అన్న అక్షరం పోయి, దాని చోట కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న ఒక నడివయసు ముఖం వచ్చింది. వెనక పుస్తకాల బీరువా, దాని మీద ఆరేసిన మాస్కు. మంజులత గొంతు సవరించుకుని, ముందు అందరికీ ఇంగ్లీషులో చెప్పింది. ఆ పళ్ళెంలో రెండు పోగుల నంబర్లు తారుమారయ్యాయని, దాన్ని కనిపెట్టింది కె. సుచరిత అని, సోమవారం తాను పంపిన మెయిల్‌ను వెనక్కి తీసుకుంటున్నానని. అంతటితో ఆగి, తెరలోకి కొంచెం వంగి, సుచరితను వెతుక్కుంది.

"ఆ గీతను నేను తెరవలేదండీ," అంది తెలుగులో. "మీరెవరో తెలిశాక ఇక తెరవాలనిపించలేదు. తెరవకుండానే కారిన వెలుతురని చెప్పేశాను. మీరు చూసిందే సరి. తప్పు నాది."